మెట్టుచిత్రిక చరిత్రము

రాజుల చరిత్రములు వ్రాసినవారు పెక్కురు. పనిముట్ల చరిత్రములు వ్రాసినవారు మిక్కిలి తక్కువ. ఏ యుద్ధము ఏ సంవత్సరమున జరిగెనో మన విద్యార్థులు కంఠస్థము చేయుదురు. తాము కూర్చుండిన బల్లను ఎవరు ఏ రీతిగ నునుపు చేసిరో, తమ యింటి కిటికీలో అద్దము జారిపడక యెట్లు నిలిచియున్నదో వారికి దెలియదు; తెలిసికొనవలెనను కోరికయు గలుగదు. చేతిపనికిని చదువునకును నడుమ మనము కట్టుకొనిన గోడయే దీనికి గారణము. ఆ గోడ మన దేశమున మాత్రమే లేచినది కాదు. యూరోపు ఖండమునను అమెరికాలోను అది యుండెను. అచ్చట కొందరు దానిలో ద్వారములు తెరచిరి. వారి కథ చెప్పుట కొక చిన్న పనిముట్టును ఆధారముగ గైకొనుచున్నాము. అది కొయ్య యంచున మెట్టు తీయు చిత్రిక.

మొదట మెట్టనగా నేమో చెప్పవలెను. పలక యంచున నొక మూలను, దాని పొడవు వెంబడి, చదరముగ తొలగించినచో నచ్చట నొక నిలువు గోడయు నొక చదునైన నేలయు నేర్పడును. ఆ మెట్టులో మఱియొక పలకయో, అద్దమో, పటమో వచ్చి కూర్చుండును. మన ద్వారబంధమును పరికింపుడు: తలుపు మూసినప్పుడు రెక్క వచ్చి యానుకొను చోటు అదియే. గోడకు వ్రేలాడు పటమును దింపి వెనుకకు త్రిప్పి చూడుడు: అద్దమును బొమ్మను మోయుచున్నది చట్రము లోపలి యంచున తీసిన యా మెట్టే. అది వంకరయైనచో తలుపు సందులో గాలి దూరును, అద్దము కదలును. అది చక్కగా నున్నప్పుడు దాని నెవరును చూడరు. మంచి పనికి గలుగు గౌరవ మిట్టిదే! ఆంగ్లేయులు దీనిని రిబేటనియు రాబెటనియు వ్యవహరింతురు. కొట్టి పడవేయుట, అణచుట యను నర్థముగల ప్రాచీన ఫ్రెంచి పదమునుండి యా మాట పుట్టినది.

మెట్టును ఉలితోను సుత్తితోను గూడ తీయవచ్చును. కాని నాలుగైదడుగుల పొడవున గోడ యెచ్చటను వంగక, నేల యెచ్చటను మిట్టపల్లములు లేక యుండవలెనన్న చిత్రికయే శరణ్యము. సామాన్యమైన చిత్రికలో ఉలి దిమ్మె నడుమ బిగింపబడి, దాని కిరుప్రక్కల కొంత కొయ్య మిగిలియుండును. అందుచేత నది పలక ముఖమును నునుపు చేయగలదు గాని గోడ మొదట నున్న మూలవఱకు పోజాలదు, ప్రక్కకొయ్య అడ్డుపడును. మెట్టుచిత్రికలో నీ యడ్డు లేదు. దాని దిమ్మె సన్నము. ఉలియంచు దిమ్మె వెడల్పంతయు నాక్రమించియుండును. తెగిన పొర ప్రక్కనుండి వెలికి బోవును. చెప్పుట కిది చిన్న మార్పే. కాని దిమ్మెను ఈవలి ప్రక్కనుండి యావలి ప్రక్కకు తొలిచినచో అది బలహీనమగును. బలము చెడకుండ దానికి నోరు తెరచుటలోనే చిత్రిక చేయువాని నేర్పంతయు నున్నది.

చిత్రిక మిక్కిలి ప్రాచీనమైన పనిముట్టు. రోమకులు దానిని బాగుగ నెఱుగుదురు. ఇటలీలోని పొంపేయి పట్టణమునను, జర్మనీలోని సాల్‌బుర్గు కోటలోను, ఇంగ్లండులోని సిల్‌చెస్టరులోను వారి చిత్రికలు త్రవ్వకములలో బయల్పడినవి. అడుగున నినుపరేకు తాపి, అడ్డముగ నున్న కడ్డీ క్రింద చెక్కముక్కను దిగగొట్టి ఉలిని బిగించుట వారి పద్ధతి. ప్లినీ యను రోమక పండితుడు తన ప్రకృతి చరిత్రమను బృహద్గ్రంథమున ఫర్ అను కొయ్యను గూర్చి వ్రాయుచు, చిత్రిక వడిగా సాగినప్పుడు లేచు పొరలు ద్రాక్షతీగ నులులవలె చుట్టలు చుట్టుకొనునని వర్ణించెను. పని జరుగుచుండగా ప్రక్కన నిలిచి కన్నులార చూచినవారి మాట యిది. క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ప్లినీ మరణించెను. పొంపేయి చిత్రికలను కప్పి నేటివఱకు దాచినదియు ఆ పర్వతపు బూడిదయే. చూచి వర్ణించిన పండితుని పేరు లోకమునకు మిగిలినది. పట్టి పనిచేసిన వారి పేరులు బూడిదలో కలిసినవి.

అటు తరువాత పదునాఱువందల సంవత్సరములు వడ్రంగము యూరోపులో గురువు చేతినుండి శిష్యుని చేతికి సాగినదే గాని పుస్తకమున కెక్కినది కొంచెమే. 1545లో మునిగి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అను ఆంగ్ల యుద్ధనౌకలో వడ్రంగుల చిత్రికలు దొరకినవి. నౌకకు రాజు పేరు, సేనాని పేరు, ఫిరంగుల సంఖ్య యన్నియు పత్రములలో గలవు. చిత్రిక నెట్లు పట్టవలెనో తెలుపు పత్ర మొక్కటి యానాడు ఇంగ్లీషులో వ్రాయవలెనని యెవరికిని తోచలేదు. పనివాడు వ్రాయడు, వ్రాయువాడు పనిచేయడు.

ఈ మౌనమును ఇంగ్లండులో భంగపఱచినవాడు జోసెఫ్ మాక్సను. ఇతడు 1627లో జన్మించెను. తండ్రి ముద్రాపకుడు. మాక్సను అచ్చుపనియు, భూగోళములు ఖగోళములు చేయుటయు, పటములు గీయుటయు వృత్తిగ గొని, రెండవ చార్లెసు రాజునకు జలపటకారుడుగ నియమింపబడెను. 1678 మొదలు యాంత్రిక కళాభ్యాసములను పేర నొక గ్రంథమును నెల కొక భాగముగ ప్రకటింప మొదలిడెను. మొదట కమ్మరము, పిదప కొయ్యపని. అందు చిత్రికల నొక్కొక్కదానిని పేరు పేరున చెప్పి, మెట్టుచిత్రిక దేనికొఱకో, దాని ఉలి దిమ్మె యంత వెడల్పుగ నేల యుండవలెనో వివరించెను. పలక యంచును చదరముగ దించినచో, అట్లే దించిన మఱియొక పలక దానిలో వచ్చి చక్కగ నమరునని యతడు చెప్పిన వివరణ మిప్పటికిని చాలును.

మాక్సను గ్రంథమున మఱియొక విశేషము గలదు. మసిచేతుల పనిని గూర్చి వ్రాయుటకు జంకక, పనివారిలో కొందరు మోటువారైనంత మాత్రమున పనియే నీచమని యెంచుట తగదని యతడు పీఠికలో వాదించెను. ఆ 1678వ సంవత్సరముననే లండనులోని రాయల్ సొసైటీ యను విద్వత్పరిషత్తు ఇతనిని సభ్యునిగ నెన్నుకొనెను. ప్రభువులును, వైద్యులును, విశ్వవిద్యాలయ పండితులును గల యా సభలో అంగడి పెట్టుకొని బ్రదుకువాని కాసన మీయబడుట సామాన్య విషయము కాదు. ఓటు వ్యతిరేకముగ వేసినవారును లేకపోలేదు.

ఇంగ్లండున నిట్లుండగా ఫ్రాన్సున నీ వాదమే మఱియొక రూపము దాల్చెను. డిడెరో పండితుడు 1751లో విజ్ఞాన సర్వస్వమును ప్రకటింప నారంభించెను. అతడు లాంగ్రు పట్టణమున కత్తులు చేయు నొక పనివాని కుమారుడు. కావున చేతిపనులకు సర్వస్వమున ఘనమైన స్థానము గల్పించెను. పనిశాలలకు పోయి, పనివారిని ప్రశ్నించి, పనిముట్లను బొమ్మలు గీయించెను. కాని వెయ్యిమంది పనివారిలో తమ పనిని స్పష్టముగ మాటలలో బెట్టగలవారు పదిపన్నెండుగు రుందురా యని యతడు సందేహించెను. పండితుడు పనివానిని గౌరవించినను, మాటలాడువాడు పండితుడే, మాటలాడబడువాడు పనివాడే యను భేదము మాత్రము నిలిచియే యుండెను.

ఆ సందేహమునకు ప్రత్యుత్తర మిచ్చినవాడు ఆంద్రే జాకబ్ రూబో. ఇతడు 1739లో పారిసునందు నొక బీద వడ్రంగి యింట పుట్టెను. పగలు తండ్రి ప్రక్కన పనిచేసెను. బ్లాండెల్ అను ప్రసిద్ధ వాస్తుశాస్త్రజ్ఞు డీ బాలుని బుద్ధిని గుర్తించి రుసుము గైకొనక తన పాఠశాలలో గణితమును చిత్రలేఖనమును నేర్పెను. 1769 మొదలు వెలువడిన రూబో గ్రంథము, వడ్రంగి కళ యనునది, అనేక సంపుటములు గలది; మూడువందల యెనుబదికి పైగా ఫలకములు గలది. బొమ్మలు గీసినవాడు నతడే. ప్రకటించినది ఫ్రాన్సు రాజకీయ శాస్త్రపరిషత్తు. తన బల్లను, తన చిత్రికలను, అవి పట్టు తీరును వడ్రంగియే వ్రాసెను, వడ్రంగియే చిత్రించెను. మెట్టుచిత్రికకు ఫ్రెంచి వడ్రంగులు పెట్టిన పేరు గీయోము. అది వారిలో మనుష్యులకు పెట్టు పేరే. పనిముట్టును తమ యింటి బిడ్డవలె పిలుచుకొనువారి భాష పండితగ్రంథమున కెక్కుట రూబో వలన సాధ్యమయ్యెను.

వీరు వ్రాయదలచిన విద్య యెట్టిదో పాఠకులు కొంచెము గ్రహింపవలెను. శుభ్రమైన మెట్టు తీయుటకు బలము కంటె క్రమము ముఖ్యము. ముందుగ రెండు గీతలు గీయవలెను. ఒకటి వెడల్పునకు, ఒకటి లోతునకు. చిత్రిక ప్రక్కకు తొలగకుండ నొక పట్టెను ఆనుగడగ బిగింపవలెను. ఉలియంచు గోడవైపున దిమ్మెకంటె వెండ్రుకవాసి వెలికి రావలెను. అది లోపలికి నున్నచో ప్రతి కోతకును ఉలి గోడనుండి యించుక యెడముగ దిగి, గోడ నిలువుగ నుండక మెట్లుమెట్లుగ వాలిపోవును. వెలికి మిక్కుటముగ వచ్చినచో గోడ గీచుకొనిపోవును. పలక యావలి కొనయొద్ద చిన్న కోతలతో మొదలిడి, క్రమముగ వెనుకకు జరుగుచు, తుదకు పొడవంతయు నొక్కటే కోతగ నడపవలెను. చిత్రికను నిట్టనిలువుగ పట్టవలెను. చేయి యొరిగినచో నేల యొరుగును.

కొయ్య నారకు అడ్డముగ మెట్టు తీయవలసినప్పుడు కష్టము హెచ్చు. ముందుగ కత్తితో గీత లోతుగ కోయనిచో నార చీలి గోడ యంచు చిట్లిపోవును. ఇందుకే కొన్ని చిత్రికలకు ఉలి ముందు నొక చిన్న కత్తిని తాపుదురు. ఉలిని ఓరగా బిగింతురు. ఓరగానున్న యంచు నారను పెల్లగింపక కోయును; ఆనుగడను పలకవైపునకు లాగి పట్టియుంచును. ఆనుగడను జరుపుకొనుటకును, లోతు చాలినప్పుడు చిత్రిక తనంత నిలిచిపోవుటకును వీలుగల రకమును పీటర్ నికల్సను 1812లో తన గ్రంథమున వర్ణించెను. ఇందులో మాటలకు లొంగునది కొంత గలదు. లొంగనిది కొంత గలదు. ఉలి పదును తగ్గినదని కంటికంటె ముందు చెవి చెప్పును. నార ఎదురు తిరిగినదని మొదట గ్రహించునది అఱచేయి. పుస్తకము దారి చూపును, నడక చేతికే రావలెను. రూబోకు రెండును దెలియును గనుకనే యతని గ్రంథము నిలిచినది.

గ్రంథము వ్రాయ నవకాశము లేనివాని సంగతి యేమి? దీనికి మనము అమెరికాకు పోవలెను. మసచూసెట్సు రాష్ట్రమున రెంథమను గ్రామములో ఫ్రాన్సిస్ నికల్సను అను చిత్రికల పనివా డుండెను. ఇతడు పైని చెప్పిన గ్రంథకర్త కాడు, అంతకు పూర్వుడు. అమెరికాలో చిత్రికలు చేసి యమ్మినవారిలో మనకు పేరు దెలిసిన మొదటివాడితడే. చిత్రిక ముందరి ముఖమున తన పేరును, రెంథములో నివసించువాడను మాటలను ఇనుపముద్రతో నొత్తుట యతని యలవాటు. అతని యింట సీజర్ చెలర్ అను నల్లజాతి వాడు బానిసగ నుండి యీ విద్య నేర్చెను. ఆలోచింపుడు: పని బానిసది, ముద్ర యజమానునిది. బానిస చేతిలోని నైపుణ్యమునకు గూడ చట్టము ప్రకారము యజమానుడే సొంతదారు.

1753లో నికల్సను మరణించెను. అతని మరణశాసనము నేడును చదువదగినది. చెలరు విశ్వాసమును, ఆదరమును, సత్ప్రవర్తనమును గుర్తించి యతనిని విముక్తుని చేయుచున్నానని యజమానుడు వ్రాసెను. అతని మంచమును, పఱపును, దుస్తులును, పనిచేయు బల్లయు, పనిముట్లును, పదియెకరముల భూమియు, తన కొయ్యలో మూడవవంతును అతనికే చెందునట్లు చేసెను. విముక్తి మాత్రమే యిచ్చి పనిముట్ల నీయకున్నచో ఆ విముక్తి యెన్నినాళ్లు నిలుచును? బల్లయు, ఉలియు, కొయ్యయు చేతికి వచ్చుటచేతనే చెలరు స్వతంత్రుడుగ బ్రదుకగలిగెను. వివాహమాడెను, బిడ్డలను గనెను, 1784లో తనువు చాలించెను. మసచూసెట్సు న్యాయస్థానము దాస్యమునకు చట్టములో చోటు లేదని తేల్చినది 1783లో. అనగా అతని మరణమునకు ఇంచుమించు ఒక యేడాది ముందు మాత్రమే.

చెలరు చేసిన చిత్రికలు నేటికిని కొన్ని నిలిచియున్నవి. వాని ముఖమున చెలరు, రెంథములో నివసించువాడు అని ముద్ర గలదు. మాట లవియే, యజమానుడు తన ముద్రలో వాడినవియే. పేరు మాత్రము మాఱినది. ఒక కొయ్యముక్కపై నాలుగు పదములు! అయినను, అమ్మకపు సరకుగ నెంచబడిన మనుష్యుడు తాను చేసిన సరకుపై తన పేరును, తన యూరిని వ్రాసికొనుటకంటె గొప్ప స్వాతంత్ర్యప్రకటన మేమున్నది? మాక్సను సభలో నాసనము సంపాదించెను. రూబో పరిషత్తుచే గ్రంథము ప్రకటింపజేసెను. చెలరు తన పేరు సంపాదించెను. మువ్వురలో నెక్కువ దూరము నడచినవాడు చెలరే యని మా యభిప్రాయము.

ఇక యంత్రముల సంగతి. సామ్యుయెల్ బెంథాము అను నింజనీరు 1791లోను 1793లోను కొయ్యపని యంత్రములకు పేటెంటులు గైకొనెను. ఇతడు తత్త్వవేత్త జెరెమీ బెంథాము తమ్ముడు. అన్న యోచించిన క్రొత్తరీతి కారాగృహములో, ఏ విద్యయు నేర్వని ఖైదీలచే నీ యంత్రములను నడిపింపవలెనని యన్నదమ్ముల యూహ. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్తు పలకలను నునుపు చేసి, అంచులలో గాడులు దీయు యంత్రమునకు పేటెంటు పొందెను. అటుపై 19వ శతాబ్దపు రెండవ సగమున స్టాన్లీ మొదలగు కంపెనీలు ఇనుప చిత్రికలను వేలకొలది పోతపోసి యమ్మినవి. నేడు విద్యుచ్ఛక్తితో తిరుగు రౌటరు అను యంత్రము, చేయి దినమంతయు చేయుపనిని స్వల్పకాలమున ముగించును.

యంత్రమును మేము దూషింపము. దాని మూలమున కిటికీలు, తలుపులు చవుకైనవి. పనివాని వెన్నునొప్పి తగ్గినది. కాని నైపుణ్యము లేనివానిచే పనిచేయింప వచ్చుననుట వేఱు, పనిచేయువానికి నైపుణ్య మక్కఱలేదనుట వేఱు. మొదటిది సౌకర్యము, రెండవది తిరస్కారము. బెంథాము సోదరుల యూహలో నీ రెండును కలిసిపోయినవి. యంత్రము వచ్చినను కొయ్య నార నెఱిగి, గీత విలువ దెలిసినవానికే యంత్రము చక్కగ లొంగునని నేటి పనిశాల లన్నియు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఈ సత్యమును పాఠశాలలోనికి దెచ్చినవారు ఉత్తరయూరోపు వారు. ఫిన్లండులో ఊనో సిగ్నేయుసు కృషిచే 1866లోనే ప్రజాపాఠశాలలలో చేతిపని విద్యాంగమయ్యెను. స్వీడనులోని నేస్ అనుచోట ఆటో సాలొమను ఉపాధ్యాయులకే చిత్రిక పట్టించి శిక్షణ మిచ్చెను. నానాదేశముల బడిపంతులు లచ్చటికి పోయి నేర్చివచ్చిరి. పిల్లలను వడ్రంగులను చేయుట వారి యుద్దేశము కాదు. గీత తప్పినచో ముక్క యతుకదు. ఎవరి సిఫారసును దాని నతికింపదు. ఆ నిజాయితీని చేతిద్వారా మనస్సునకు నేర్పుటయే వారి యుద్దేశము. మన దేశమున 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన విద్యాపద్ధతిలోను వడ్రంగమునకు స్థానము లభించెను. కాని స్వాతంత్ర్యానంతరము ఆ పద్ధతి క్రమముగ వెనుకబడెను. ఉపాధ్యాయులమైన మేమును, తలిదండ్రులును దానికి సమానముగ బాధ్యులము. బిడ్డ చేతికి ఉలి యిచ్చుట యనగా చదువు రాదని యొప్పుకొనుట యని మనము భావించితిమి.

మన పూర్వులు మొదటినుండియు నిట్లు భావింపలేదు. ఋగ్వేదమున స్తుతింపబడిన ఋభువులు తమ హస్తకౌశలముచేతనే అమరత్వ మందినవారు. త్వష్ట చేసిన పానపాత్ర మొక్కదానిని నాలుగు పాత్రములుగ చేసినవారు. అమరసింహుని కాలమునకు స్థితి మాఱినది. తక్ష, వర్ధకి, త్వష్ట, రథకారుడు మున్నగు నైదు పేరులు వడ్రంగికి అతడు చెప్పెను. కాని వానిని చేర్చినది శూద్రవర్గమున. దేవశిల్పి పేరైన త్వష్ట యను పదముగూడ నచ్చటనే కూర్చున్నది! పని మాఱలేదు, ఉలి మాఱలేదు. మాఱినది చూచువారి దృష్టియే. బాలురు అమరకోశము వల్లించు దినములలో నీ వర్గవిభాగమునుగూడ పదములతోపాటు వల్లించిరి. పదములు మఱచినను విభాగమును మఱువలేదు.

అయినను మన భాష యొక సాక్ష్యమును దాచియుంచినది. చక్కగ దిద్దిన వచనమును చూచి చిత్రిక పట్టినట్లున్నదని మెచ్చుకొందుము. తన పనిని పొగడుకొనుటకు పండితుడు వడ్రంగి పనిముట్టునే యెరువు తెచ్చుకొనుచున్నాడు. ఎరువు తెచ్చుకొనినవాడు ఇచ్చినవానిని గడప వెలుపల నిలిపియుంచుట న్యాయమా? వడ్రంగి బిడ్డకు రేఖాగణితము రూబోకు లభించినట్లు లభింపవలెను. పండితుని బిడ్డకు చిత్రిక నేస్ పాఠశాలలో లభించినట్లు లభింపవలెను. చేసిన వస్తువుపై చేసినవాని పేరు చెలరు పేరువలె నుండవలెను. ఇవి మూడును అసాధ్యములు కావని చరిత్రమే చెప్పుచున్నది.

మెట్టు తీసిన రెండు పలకలను చేర్చి చూడుడు. రెండును తమ యంచున కొంత విడిచిపెట్టినవి. కావుననే రెండును ఒక్కటిగ నతికినవి. ఒకటి మాత్రమే విడిచినచో నడుమ సందు మిగులును. చదువును చేతిపనియు నతుకవలెనన్నను కొలత యిదియే.